రద్దయిన జిల్లాకు చరిత్ర రాసే పద్ధతి: ఐడర్‌ష్టెట్ ఉదాహరణగా

మా ముత్తాతగారు 1890లలో బాపట్ల దగ్గర కొన్న మాగాణి తాలూకు దస్తావేజు ఒకటి గుంటూరులోని మా ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున ఇప్పటికీ భద్రంగా ఉంది. అందులో ఆ పొలం ఉన్న చోటు "కృష్ణా జిల్లా, బాపట్ల తాలూకా" అని రాసి ఉంటుంది. అదే పొలం తాతగారి చేతికి వచ్చేనాటికి గుంటూరు జిల్లాలోకి చేరింది. 2022 ఏప్రిల్ 4 తరువాత తీయించిన అడంగల్‌లో బాపట్ల జిల్లా అని కనబడుతున్నది. పొలం గట్టు జానెడు కూడా జరగలేదు, జిల్లాలే దాని మీదుగా వచ్చి వెళ్ళాయి.

జర్మన్ భాష నేర్చుకోవడానికి నా దగ్గరకు వచ్చే విద్యార్థులకు ఉత్తర జర్మనీలో రద్దయిపోయిన ఒక గ్రామీణ జిల్లా చరిత్రను తెలుగులో రాయమని నేను పని ఇస్తూ ఉంటాను. దాదాపు అందరూ మొదటిసారి ఒకే విధంగా రాస్తారు: ఫలానా సంవత్సరంలో ఏర్పడింది, ఫలానా సంవత్సరంలో రద్దయింది, మధ్యలో ఫలానా అధికారులు పనిచేశారు. అది కచేరీ చరిత్ర అవుతుంది తప్ప ఆ సీమ చరిత్ర కాదు. ఈ వ్యాసంలో ష్లెస్‌విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రపు పడమటి తీరాన ఉన్న ఐడర్‌ష్టెట్‌ను ఉదాహరణగా తీసుకుని, ఆ పనిని ఏ వరుసలో చేయాలో, ఎక్కడెక్కడ కాలు జారుతుందో వివరిస్తాను.

సీమ పేరు వేరు, జిల్లా పేరు వేరు

మొట్టమొదట చేయవలసిన పని, ఒకే పేరు కింద దాగి ఉన్న రెండు మూడు వస్తువులను విడదీయడం. ఐడర్‌ష్టెట్ అంటే ఉత్తర సముద్రంలోకి చొచ్చుకుపోయిన, సుమారు 30 కిలోమీటర్ల పొడవూ 15 కిలోమీటర్ల వెడల్పూ ఉన్న ద్వీపకల్పం. ఐడర్‌ష్టెట్ అంటే 1867 నుంచి 1970 వరకు ట్యోన్నింగ్ పట్టణం ముఖ్యస్థానంగా నడిచిన జిల్లా, అంటే జర్మన్‌లో క్రైస్. మళ్ళీ ఐడర్‌ష్టెట్ అంటే 2008 జనవరి 1న నేటి రూపం దాల్చి, గార్డింగ్ పట్టణం నుంచి పనిచేస్తున్న గ్రామాల ఉమ్మడి పాలనా సంస్థ, అంటే ఆమ్ట్. ఈ మూడింటి హద్దులూ ఒకటి కావు. పాత జిల్లాకు ముఖ్యపట్టణమైన ట్యోన్నింగే నేటి ఆమ్ట్‌లో లేదు. నేను కూడా మొదట్లో ఆమ్ట్‌ను, క్రైస్‌ను ఒకటే అనుకుని, జిల్లా కార్యాలయం ట్యోన్నింగ్ నుంచి గార్డింగ్‌కు తరలిందని రాసి, తరువాత నాలుక కరుచుకున్నాను.

మనకు ఈ తేడా కొత్తది కాదు. పల్నాడు శతాబ్దాల పాటు సీమగా ఉండి, తాలూకాగా ఉండి, 2022లో గానీ జిల్లా కాలేదు. ఐడర్‌ష్టెట్ కథ ఇందుకు తలకిందులుగా నడిచింది: సీమ జిల్లా అయింది, జిల్లా పోయింది, సీమ మిగిలింది. దివిసీమ వాళ్ళు ఊరి పేరు కంటే ముందు సీమ పేరు చెప్పుకున్నట్టే, అక్కడివారికి కూడా ఆ పేరుతో ఉన్న చుట్టరికం పాలనా పటంతో తెగిపోలేదు.

రద్దయిన తేదీ నుంచి వెనక్కి నడవండి

పుట్టుక నుంచి మొదలుపెట్టడం సహజంగా తోస్తుంది గానీ, రద్దయిన జిల్లా విషయంలో చివరి నుంచి వెనక్కి వెళ్ళడమే మేలు, ఎందుకంటే రద్దు ఉత్తర్వు ఏ భాగం ఎక్కడికి చేరిందో స్పష్టంగా చెబుతుంది. 1970 ఏప్రిల్ 26న ఐడర్‌ష్టెట్, హూజుమ్, జ్యూడ్‌టొండర్న్ అనే మూడు క్రైస్‌లు కలిసి నోర్డ్‌ఫ్రీస్‌లాండ్ అనే కొత్త క్రైస్ అయ్యాయి, ముఖ్యస్థానం హూజుమ్. అదే సంస్కరణలో ఆ రాష్ట్రంలోని గ్రామీణ క్రైస్‌లు 17 నుంచి 12కు, 1974లో 11కు తగ్గాయి. చిన్న జిల్లాలు తమంతట తాము రోడ్లు, ఆసుపత్రులు, బడులు నడపలేవన్నది ఆనాటి ప్రణాళికాకర్తల వాదన. జనాభాలో చాలా చిన్నదైన ఐడర్‌ష్టెట్‌కు ఆ వాదన ముందు నిలబడే అవకాశం తక్కువ. విచిత్రమేమిటంటే అదే 1970లో, ఫిబ్రవరి 2న, గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలతో ఒంగోలు జిల్లా ఏర్పడింది. అక్కడ కలపడం పాలనకు సౌలభ్యమన్నారు, ఇక్కడ విడదీయడం సౌలభ్యమన్నారు.

అక్కడి నుంచి వెనక్కి వెళితే 1932 తగులుతుంది. ఆ ఏడు ప్రష్యా (ఒకప్పటి రాజ్యం, అప్పటికి జర్మనీలో ఒక రాష్ట్రం) ప్రభుత్వం ఐడర్‌ష్టెట్‌ను హూజుమ్‌తో కలిపింది, మరుసటి సంవత్సరమే మళ్ళీ విడదీసింది. ఇటువంటి చిన్న విరామాలను వదిలేస్తే ఆ సంవత్సరపు కాగితాలు వెతికేటప్పుడు జిల్లాయే మాయమైనట్టు అనిపిస్తుంది. గుంటూరుకైతే విరామం ఒక ఏడాది కాదు, 45 ఏళ్ళు: 1859లో రద్దయిన జిల్లా 1904 అక్టోబరు 1న తిరిగి ఏర్పడింది. మా ముత్తాతగారి దస్తావేజులో కృష్ణా జిల్లా అని ఉండడానికి కారణం అదే.

ఇంకా వెనక్కి పోతే 1867 వస్తుంది. 1864 యుద్ధంలో డెన్మార్క్ ఓడి, ష్లెస్‌విగ్, హోల్‌స్టైన్ డచీలను, అంటే డ్యూకు పేరిట ఏలే సంస్థానాలను, ప్రష్యాకు, ఆస్ట్రియాకు వదులుకుంది. 1866లో ఆ ఇద్దరు విజేతలూ తమలో తాము పోరాడగా ప్రష్యా గెలిచి, 1867 జనవరిలో రెండింటినీ కలిపేసుకుంది. ఆ సెప్టెంబరులో తన పద్ధతి ప్రకారం క్రైస్‌లను ఏర్పాటు చేసింది. కాబట్టి ఐడర్‌ష్టెట్ క్రైస్ అక్కడి జనం అడిగి తెచ్చుకున్నది కాదు, గెలిచిన రాజ్యం తెచ్చిపెట్టిన చట్రం. అయితే పాత సీమ హద్దులను ఆ చట్రం చాలావరకు గౌరవించింది, అందుకే అది నూరేళ్ళకు పైగా నిలిచింది.

కచేరీకి ముందున్న నేల

వ్యాసంలో ఎక్కువ చోటు దక్కవలసింది ఈ భాగానికే. మధ్యయుగంలో ఇది ఒకే నేల కాదు. ఐడర్‌ష్టెట్, ఎవర్‌షోప్, ఊట్‌హోల్మ్ అనే మూడు భాగాలుగా, నడుమ సముద్రపు పాయలతో ఉండేది. వాటిని కలిపి మూడు సీమలు అనేవారు. ఆ సీమ ముద్రలో మూడు నావలు ఉండడానికి మూలం అదే. క్రైస్ పోయినా ఆ మూడు నావలు పోలేదు, నేటి నోర్డ్‌ఫ్రీస్‌లాండ్ చిహ్నంలోనూ తెరచాపలెత్తి ఉన్నాయి. ఇప్పుడు కలిసిన క్రైస్‌లు కూడా మూడే కావడంతో ఆ బొమ్మకు రెండో అర్థం అమరింది.

ఈ మూడు ముక్కలను ఒకటి చేసినవి కరకట్టలు. కట్ట వేసి, లోపలి ఉప్పునేలను నీరు తీసి సాగుకు తెచ్చుకున్న మడిని అక్కడ కోగ్ అంటారు. కట్ట బాగుచేయడం ప్రతి భూస్వామి బాధ్యత. "కట్ట వేయనివాడు చోటు వదలాలి" అన్న సామెత అక్కడి పల్లె జర్మన్‌లో ఇప్పటికీ ఉంది, అది ఒకప్పుడు నిజంగా అమలైన నియమం. మన పల్లెల్లో కాలువల పూడికతీతకు ఇంటికొకరు రావాలన్న కుడిమరామత్తు ఆచారాన్ని గుర్తుచేసుకుంటే పాఠకుడికి ఈ విషయం వెంటనే అందుతుంది. ఇటువంటి పోలికలు ఒకటి రెండు చాలు, అంతకు మించితే ఐడర్‌ష్టెట్ పోయి కృష్ణా డెల్టా మిగులుతుంది.

ప్రజలు కాలాన్ని ఉప్పెనలతో లెక్కపెట్టిన సీమ అది. 1362లో, 1634లో వచ్చిన ఉప్పెనలు ఆ తీరం రూపురేఖలనే మార్చాయి. రెండోదానిలో పక్కనున్న స్ట్రాండ్ ద్వీపం ముక్కలైపోయి, నోర్డ్‌స్ట్రాండ్, పెల్‌వోర్మ్ వంటి తునకలు మాత్రం మిగిలాయి. 1962 ఫిబ్రవరిలో వచ్చిన తుపాను పోటు తరువాత ఐడర్ నది ముఖద్వారాన భారీ గేట్లతో అడ్డుకట్ట కట్టారు, అది 1973లో ప్రారంభమైంది. అప్పటికి జిల్లా రద్దయి మూడేళ్ళు. 1977 నవంబరు 19ని దివిసీమలో ఎవరూ పంచాంగం చూసి గుర్తుచేసుకోరు. ఐడర్‌ష్టెట్ గురించి రాసేవారు కూడా పాలకుల తేదీలకు ముందు ఉప్పెనల తేదీలను వరుసలో పెట్టుకోవాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ ప్రాంతంలో 1700 వరకు పాత జూలియన్ పంచాంగమే నడిచింది. అంతకు ముందరి తేదీని రెండు పుస్తకాలు పదిరోజుల తేడాతో ఇస్తే ఏదో ఒకటి తప్పని తేల్చకుండా, ఏది ఏ లెక్కలో ఉందో చూసుకోవాలి.

పాలనలోనూ క్రైస్‌కు ముందు వేరే ఏర్పాటు ఉండేది. గొట్టోర్ఫ్ డ్యూకుల తరఫున సీమను చూసే అధికారిని ష్టాలర్ అనేవారు. వారిలో కాస్పర్ హోయర్ పేరు హోయర్స్‌వోర్ట్ అనే భవంతి వల్ల నేటికీ వినబడుతుంది. 1590లో ట్యోన్నింగ్, గార్డింగ్‌లకు పట్టణ హక్కులు వచ్చాయి. 1713లో స్వీడన్ సేనాని స్టెన్‌బోక్ ట్యోన్నింగ్‌లో ముట్టడికి లొంగి ఆయుధాలు అప్పగించాడు. ఈ సంగతులకు తలా ఒక వాక్యం చాలు.

మాటల ఎంపిక

క్రైస్‌ను జిల్లా అనాలా, తాలూకా అనాలా అన్న సందేహం ప్రతి ఒక్కరికీ వస్తుంది. వైశాల్యంలో ఐడర్‌ష్టెట్ మన పాత తాలూకా అంత కూడా ఉండదు. కానీ అధికారంలో అది జిల్లాయే, దానికంటూ ఎన్నికైన సభ ఉండేది. నా అభిప్రాయంలో మొదట ఒకసారి "క్రైస్ అనే చిన్న జిల్లా" అని వివరించి, ఆ తరువాత క్రైస్ అనే వాడాలి. దాని అధిపతి లాండ్‌రాట్‌ను కలెక్టర్ అనడం సగం నిజం. ప్రష్యా కాలంలో ఆయన రాజు నియమించిన ప్రభుత్వ ప్రతినిధి, అదే సమయంలో క్రైస్ సభకు అధ్యక్షుడు కూడా. కలెక్టరూ జిల్లా పరిషత్ ఛైర్మనూ ఒకే కుర్చీలో కూర్చున్నట్టు ఊహించుకోవచ్చు.

స్థలనామాల్లో మరొక చిక్కు ఉంది. 1930లలో కట్టలు వేసి తీసిన రెండు కోగ్‌లకు నాజీ ప్రభుత్వం హెర్మన్ గోరింగ్, హోర్స్ట్ వెస్సెల్ పేర్లు పెట్టింది. 1945 తరువాత అవి ట్యూమ్‌లావర్ కోగ్, నోర్డర్‌హేవర్ కోగ్ అయ్యాయి. పాత పటంలో కనబడిన పేరు కొత్త పటంలో లేకపోతే ఊరు మునిగిపోయిందని రాయకండి. పాత పేరును దాచిపెట్టడం కూడా సరికాదు, రెండూ ఇచ్చి మార్పు ఎప్పటిదో చెప్పాలి.

కచేరీ బయటి సాక్ష్యాలు

ఉత్తర్వులు, గెజిట్లు జిల్లా బతుకును చెప్పవు. పశువులు చెబుతాయి. పంతొమ్మిదో శతాబ్దంలో ఐడర్‌ష్టెట్ పచ్చికల్లో మేపి బలిపించిన ఎడ్లు ట్యోన్నింగ్ రేవు నుంచి ఆవిరి ఓడలెక్కి ఇంగ్లాండుకు వెళ్ళేవి. ఆంగ్లేయ వ్యాపారి శామ్యూల్ మోర్టన్ పీటో 1854లో ఫ్లెన్స్‌బుర్గ్ నుంచి ట్యోన్నింగ్ వరకు రైలుమార్గం వేయించాడు. మన ఒంగోలు గిత్తలు ఓడలెక్కి బ్రెజిల్ దాకా పోయి అక్కడ మందలుగా పెరిగిన కథ తెలిసిన పాఠకుడు ఈ భాగాన్ని ఆసక్తిగా చదువుతాడు. రైలు 1892లో గార్డింగ్‌కు, 1932లో సముద్రతీరంలోని సాంక్ట్ పీటర్-ఓర్డింగ్‌కు చేరింది. పశువుల సీమ విహారస్థలంగా మారిన దారిని ఈ రెండు తేదీల మధ్య వెతకవచ్చు. హౌబార్గ్ అనే ఎత్తైన గడ్డికప్పు ఇళ్ళు మరో సాక్ష్యం. పశువులూ, ఎండుగడ్డీ, మనుషులూ అన్నీ ఒకే కప్పు కింద ఉండేవి.

వాహనాల పలకను కూడా చిన్నచూపు చూడకూడదు. 1956 నుంచి ఐడర్‌ష్టెట్ బండ్ల మీద ట్యోన్నింగ్ పేరులోని మొదటి మూడక్షరాలు ఉండేవి. 1970 తరువాత కొత్త బండ్లకు నోర్డ్‌ఫ్రీస్‌లాండ్‌ను సూచించే రెండక్షరాలు వచ్చాయి. పాత ఫొటోలో కారు కనబడితే ఆ పలకే దాని కాలాన్ని చెబుతుంది. బెజవాడ వీధుల్లో ఏపీ 16, గుంటూరులో ఏపీ 7 చూసి పెరిగి, 2019 తరువాత అందరికీ ఏపీ 39 రావడం గమనించినవారికి ఇది వేరుగా చెప్పనక్కర్లేదు.

జనాభా లెక్కల విషయంలో ఒక హెచ్చరిక. రెండో ప్రపంచయుద్ధం చివర తూర్పు ప్రాంతాల నుంచి తరలివచ్చిన శరణార్థులతో ష్లెస్‌విగ్-హోల్‌స్టైన్ జనాభా సుమారు 16 లక్షల నుంచి 26 లక్షలు దాటింది. ఆ తరువాత చాలామంది పని వెతుక్కుంటూ పడమటి రాష్ట్రాలకు వెళ్ళిపోయారు. అందుచేత యుద్ధానంతర లెక్కను 1939 లెక్క పక్కన పెట్టి, జిల్లా ఎంత పెరిగిందో అని ఆశ్చర్యపోకూడదు.

కాగితాలు, వాటి రాత

క్రైస్ కాలపు కాగితాలకు ష్లెస్‌విగ్ పట్టణంలోని రాష్ట్ర అభిలేఖాగారాన్ని, హూజుమ్‌లోని క్రైస్ అభిలేఖాగారాన్ని అడగాలి. బ్రెడ్‌ష్టెట్‌లోని నోర్డ్‌ఫ్రీస్క్ ఇన్స్టిట్యూట్ గ్రంథాలయం ఆ తీరపు భాషకూ చరిత్రకూ నమ్మదగిన చోటు. 1864కు ముందరి పై స్థాయి కాగితాల్లో కొన్ని కోపెన్‌హేగెన్‌లో ఉంటాయి. పట్టికల్లో పాత పేరుతో దొరకని ఊరిని కొత్త పేరుతో, ట్యోన్నింగ్‌లో దొరకని దాన్ని హూజుమ్ కింద వెతకండి.

అచ్చుకాని జర్మన్ కాగితం చేతికి వచ్చినప్పుడు చాలామంది బెదిరిపోతారు. కుర్రెంట్ అనే పాత జర్మన్ చేతిరాతలో "ఈ" (e) అక్షరం నేటి "ఎన్" (n)లా కనబడుతుంది, "యు" (u) మీద చిన్న కొక్కెం ఉంటుంది. ఈ రెండూ పట్టుబడితే సగం రాత విడిపోతుంది. కరణాల గొలుసుకట్టు రాతను చదివిన చేతికి ఇది అసాధ్యమేమీ కాదు. మొదట తేదీలు, ఊళ్ళ పేర్లు మాత్రం గుర్తుపట్టి, వాటి అక్షరాలతో ఒక చిన్న పట్టిక తయారుచేసుకుని, ఆ తరువాత వాక్యాల జోలికి పోవాలి.

పుట్టినచోటు రాసేటప్పుడు

చిట్టచివర సరిచూసుకోవలసినవి జన్మస్థలాలు, తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే. రోమ్ చరిత్రకారుడిగా 1902లో సాహిత్యపు నోబెల్ బహుమతి పొందిన థియోడోర్ మోమ్‌సెన్ 1817లో గార్డింగ్‌లో పుట్టాడు. ఆయన "జర్మనీలోని ఐడర్‌ష్టెట్ జిల్లాలో" పుట్టాడని రాస్తే రెండు తప్పులు: ఆనాటికి ఆ జిల్లా లేదు, ఆ డచీ డెన్మార్క్ రాజు పాలనలో ఉంది. సమాజశాస్త్రవేత్త ఫెర్డినాండ్ ట్యోన్నీస్ 1855లో ఓల్డెన్స్‌వోర్ట్ దగ్గర పుట్టాడు, ఆయనకూ ఇదే వర్తిస్తుంది. "నాటి డెన్మార్క్ రాజు ఏలుబడిలోని ష్లెస్‌విగ్ డచీకి చెందిన ఐడర్‌ష్టెట్ సీమలో, గార్డింగ్‌లో" అని రాయాలి. వాక్యం పొడవవుతుందని వెనుకాడవద్దు. మా ముత్తాతగారి గురించి రాయవలసి వచ్చినా నేను "నాటి కృష్ణా జిల్లా, నేటి బాపట్ల జిల్లా" అనే రాస్తాను.