పడమటి కిటికీ మార్చాలా? బెజవాడ ఎండలో ఖర్చు లెక్క

రెండు అద్దాలు, గట్టి ప్లాస్టిక్ చట్రం ఉండే డబుల్ గ్లాస్ యూపీవీసీ కిటికీలు పెట్టిస్తే కరెంటు బిల్లు సగమైపోతుందని ఎవరైనా చెబితే ముందు ఈ లెక్క చూడండి. రెండు అద్దాల మధ్య ఉన్న గాలి పొర పని చేసేది లోపలికీ బయటికీ ఉన్న ఉష్ణోగ్రత తేడా మీద. మే నెలలో బయట 42, ఏసీ గదిలో 26 అనుకున్నా ఆ తేడా 16 డిగ్రీలే. దానివల్ల 16 చదరపు అడుగుల మామూలు అద్దం గుండా వచ్చే వేడి సుమారు 130 వాట్లు. అదే అద్దం మీద సాయంత్రం ఎండ నేరుగా కొడితే 700 వాట్ల దాకా లోపలికి వస్తుంది. విజయవాడ, గుంటూరు ఇళ్లలో ముందు ఆపాల్సింది ఈ ఎండనే.

ఎండ అన్ని కిటికీల మీదా ఒకేలా పడదు. మే మొదటివారం నుంచి ఆగస్టు మొదటివారం దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు, కాబట్టి దక్షిణం కిటికీకి మామూలు సజ్జా చాలు. పడమర అలా కాదు. సాయంత్రం నాలుగున్నరకు రెండడుగుల సజ్జా ఇచ్చే నీడ కిటికీ పైభాగంలో అడుగు మేరకే. మిగతా మూడడుగులూ ఎండే. డబ్బు పెట్టదలిస్తే పగలు ఏసీ వేసే పడమటి గదికే పెట్టండి. పై అంతస్తు అయితే కిటికీల జోలికి వెళ్లకముందే శ్లాబు మీద తెల్లటి కూల్ రూఫ్ పూత వేయించండి. అక్కడ దిగే వేడి ముందు కిటికీ వేడి ఎంత!

ఇప్పుడు రూపాయల్లో. ఎండ వేడిని కూడా కరెంటులాగే యూనిట్లలో (కిలోవాట్-అవర్లలో) కొలుద్దాం. ఎండాకాలం ఒక మధ్యాహ్నం పడమటి గోడ మీద చదరపు మీటరుకు సుమారు 3 యూనిట్ల ఎండ పడుతుందనుకుందాం. 16 చదరపు అడుగులంటే ఒకటిన్నర చదరపు మీటరు, అంటే నాలుగున్నర యూనిట్లు. మామూలు అద్దం అందులో 80 శాతాన్ని లోపలికి వదులుతుంది. వేడిని వెనక్కి కొట్టే పలుచటి పూత ఉన్న మంచి లో-ఈ డబుల్ గ్లాస్ 30 శాతం వదులుతుంది. తేడా రెండుంపావు యూనిట్ల వేడి. ఏసీ ఒక యూనిట్ కరెంటుతో సుమారు మూడున్నర యూనిట్ల వేడిని బయటికి తోస్తుంది కాబట్టి రోజుకి ఆదా 0.65 యూనిట్. 120 రోజులకు 77 యూనిట్లు. 400 యూనిట్లు దాటినవారి శ్లాబు రేటు 9.75 రూపాయలు వేసుకున్నా ఏడాదికి 750 రూపాయలే. కొటేషన్ చదరపు అడుగుకి 1,200 వచ్చిందనుకోండి, కిటికీ 19,200 అవుతుంది. గిట్టుబాటు కావడానికి పాతికేళ్లు! మధ్యాహ్నం ఏసీ వేయని ఇంట్లో అదీ రాదు.

బయట వేలాడే వెదురు తెర ఎండలో ముప్పాతిక వంతు ఆపితే ఏడాదికి 900 రూపాయల దాకా మిగులుతుంది, ఖరీదైన కిటికీ కన్నా ఎక్కువే. తెర అద్దానికి బయటే ఉండాలి. లోపలి కర్టెన్ దగ్గరికి వచ్చేసరికి ఎండ గదిలోకి దిగిపోయి ఉంటుంది. సజ్జా అడుగున హుక్కులు బిగించి, అద్దానికి ఐదారు అంగుళాల ఎడంతో వేలాడదీయండి, వేడిగాలి పైకి పోతుంది. వేసవిలో పొద్దు పడమరకు కాస్త ఉత్తరంగా వాలుతుంది కాబట్టి తెర ఉత్తరం వైపు అడుగు ఎక్కువ ఉండాలి. కింది అంచు గ్రిల్‌కి కట్టకపోతే మొదటి గాలిదుమారానికే చిరుగుతుంది. వట్టివేళ్ల తెర కూడా మంచిదే, కానీ ఏసీ గదికి దాన్ని తడపకండి. ఆ తేమ తీయడానికి ఏసీ ఇంకా శ్రమపడుతుంది.

తెర కుదరని అపార్ట్‌మెంటుకు సన్ కంట్రోల్ ఫిల్ము. ముదురు నల్లరంగుది తీసుకోకండి. అది వేడిని పీల్చుకుంటుంది, అద్దం మధ్యభాగం కాలుతూ అంచులు నీడలో చల్లగా ఉంటే అద్దం పగులుతుంది. సిరామిక్ రకం అడగండి. అంచు పెచ్చులూడిన పాత అద్దానికి ఏ ఫిల్మూ వద్దు.

రెక్కల సందుల సంగతి కూడా చూడండి. ఫ్యాను ఆపి, అగరబత్తి వెలిగించి రెక్క అంచుల వెంట జరపండి. పొగ ఊగిన చోట రబ్బరు బీడింగ్ అంటిస్తే చాలు.

ఇంత చెప్పినా కిటికీ మార్చాల్సిన ఇళ్లు ఉంటాయి. చట్రానికి చెదలు పట్టినా, బందరు రోడ్డు హారన్లు నిద్ర పట్టనివ్వకపోయినా మార్చండి. కొత్త ఇల్లు కట్టేటప్పుడు అదనపు పెట్టుబడి మామూలు అద్దానికీ డబుల్ గ్లాస్‌కీ ఉన్న ధర తేడా మాత్రమే కాబట్టి లెక్క మారిపోతుంది. బడ్జెట్ తక్కువైతే 6 మిల్లీమీటర్ల హార్డ్‌కోట్ (గట్టి పూత) సోలార్ కంట్రోల్ అద్దం ఒంటిగానే వాడొచ్చు. సాఫ్ట్‌కోట్ (మెత్తటి పూత) లో-ఈ మాత్రం డబుల్ గ్లాస్ లోపలే ఉండాలి, గాలి తగిలితే పూత పాడవుతుంది. చప్పుడు తగ్గించడానికైతే రెండు అద్దాలూ ఒకే మందంలో వద్దు, ఒకటి మధ్యలో ప్లాస్టిక్ పొర ఉండే లామినేటెడ్ అద్దం తీసుకోండి.

కొటేషన్‌లో ఎస్‌హెచ్‌జీసీ విలువ, అంటే ఎండ వేడిలో ఎంత వంతు లోపలికి వస్తుందో చెప్పే అంకె, రాయించండి. పడమరకు 0.35 లోపు ఉండాలి. స్లైడింగ్ రెండు రెక్కల కిటికీ సగమే తెరుచుకుంటుందని మరవద్దు. మనలాంటి ఉక్కపోత వాతావరణానికి ఎకో నివాస్ సంహిత (ఇళ్లలో విద్యుత్ ఆదా కోసం కేంద్రం తెచ్చిన నిబంధనావళి) ఇంటి కార్పెట్ ఏరియాలో కనీసం 16.66 శాతం తెరుచుకునే కిటికీలుండాలంటుంది. తలుపులా తెరిచే రెక్కలే మేలు.

కొలత తీసేటప్పుడు వెడల్పు మూడు చోట్ల, ఎత్తు మూడు చోట్ల కొలిచి, తక్కువ వచ్చిన అంకె నుంచి 10 మిల్లీమీటర్లు తగ్గించాలి. ఐమూలగా, మూల నుంచి మూలకు తీసిన కొలతలు రెండూ సరిపోలాలి. గోడకీ చట్రానికీ మధ్య మిగిలే ఆ సందును సిమెంటుతో కూరకండి. పీయూ ఫోమ్ (ఉబ్బి గట్టిపడే నురగ) నింపి, బయట సిలికాన్ వేయించండి. చట్రం అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోతే వాన నీరు గదిలోకే వస్తుంది. లో-ఈ పూత బయటి అద్దం లోపలి ముఖం మీద ఉందో లేదో చూడటానికి రాత్రి బయట నిలబడి లైటర్ వెలిగించండి. నాలుగు ప్రతిబింబాలు కనిపిస్తాయి, మీ వైపు నుంచి రెండోది రంగు మారి ఉండాలి. ఆ తర్వాత పైపుతో పది నిమిషాలు నీళ్లు కొట్టించి, లోపల చుక్క పడకపోతేనే మిగతా డబ్బు ఇవ్వండి.