ఆన్‌లైన్‌లో మనం ఎవరికీ కనిపించడం లేదా? ముందు లోపం ఎక్కడుందో పట్టుకుందాం

"రోజూ పోస్టులు పెడుతున్నాను, ఒక్కరూ పలకడం లేదు" అని ఎవరైనా అంటే, వాళ్లకు దొరికే సలహా దాదాపు ఒకటే: ఇంకా ఎక్కువ పెట్టు. లోపం వేరేచోట ఉన్నప్పుడు అది చిల్లుకుండలో నీళ్లు పోయడమే. ముందు చిల్లు ఎక్కడుందో చూడాలి. మనం వెతికినా దొరకడం లేదా, దొరికినా జనం నొక్కడం లేదా, నొక్కి వచ్చినవాళ్లు నిలబడటం లేదా? ఈ మూడూ వేర్వేరు జబ్బులు, వీటికి మందులూ వేరు.

ఈ పరీక్షను బ్రౌజర్‌లోని ఇన్‌కాగ్నిటో విండోలో చేయండి. మామూలు విండోలో గూగుల్ మీ పాత వెతుకులాటను గుర్తుపెట్టుకుని మీ సైటునే పైకి తెచ్చి చూపించవచ్చు. దాన్ని చూసి అంతా బాగుందనుకుని మోసపోతాం.

పేరు టైపు చేసినా సైటు రావడం లేదు

సెర్చ్ పెట్టెలో ఇంగ్లిష్‌లో సైట్ అన్న మాట, దాని వెంటే కోలన్, ఖాళీ వదలకుండా మీ డొమైన్ పేరు, అంటే మీ సైటు అడ్రసు, కొట్టండి. ఒక్క పేజీ కూడా రాకపోతే మీ సైటు గూగుల్ జాబితాలో చేరలేదని దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

ఇలాంటప్పుడు నేను మొట్టమొదట చూసేది ఒక చిన్న టిక్కు. వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్‌లో రీడింగ్ అనే పేజీ అడుగున, ఈ సైటును జాబితాలో చేర్చవద్దని సెర్చ్ ఇంజన్లను కోరే పెట్టె ఒకటి ఉంటుంది. సైటు తయారయ్యేదాకా ఎవరికీ కనబడకూడదని దాన్ని టిక్కు పెట్టి, ఆ తర్వాత తీయడం మరిచిపోతారు. నా సొంత సైటు విషయంలో ఇదే జరిగింది. మూడు నెలలు వ్యాసాలు రాస్తూ, నా రాతలోనే లోపం ఉందేమోనని కుమిలిపోయాను. తీరా చూస్తే ఆ పెట్టెలో టిక్కు అలాగే ఉంది! తీసేసిన వారానికి పేజీలు ఒక్కొక్కటే రావడం మొదలైంది.

టిక్కు తీశాక, సైటు గూగుల్‌లో ఎలా కనబడుతోందో చూపే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో దాన్ని నమోదు చేయండి, ఇది ఉచితం. సైటులోని పేజీల జాబితా అయిన సైట్‌మ్యాప్ ఇవ్వండి. ముఖ్యమైన పేజీల అడ్రసులను పైనున్న పెట్టెలో పెట్టి, ఇండెక్స్ చేయమని, అంటే జాబితాలో చేర్చుకోమని అడగండి. కొన్ని రోజులు పట్టవచ్చు, కొన్ని వారాలూ పట్టవచ్చు. రోజూ నొక్కినంత మాత్రాన త్వరగా కాదు.

ఒక సూక్ష్మం ఇక్కడే చెప్పాలి. పేజీని సెర్చ్ నుంచి దాచాలనుకుని రోబోట్స్ ఫైల్‌లో (సెర్చ్ ఇంజన్లు ఏ పేజీల్లోకి రావచ్చో చెప్పే ఫైల్) అడ్డుకుంటారు కొందరు. ఆ ఫైల్ చెప్పేది "లోపలికి రావద్దు" అని మాత్రమే. లోపలికి రాని గూగుల్‌కు ఆ పేజీలో ఉన్న, జాబితాలో చేర్చవద్దని చెప్పే నోఇండెక్స్ గుర్తు కనబడదు కాబట్టి, వేరే సైట్ల లింకుల ద్వారా ఆ అడ్రసు ఫలితాల్లోకి వచ్చేయవచ్చు. దాచాలంటే నోఇండెక్స్ పెట్టండి, దారి మాత్రం తెరిచే ఉంచండి.

సైటు జాబితాలో ఉంది, కానీ నా పేరుతో వేరేవాళ్లు వస్తున్నారు

పేరు ఒకచోట ఇంటిపేరుతో, ఇంకోచోట పొడి అక్షరాలతో, మరోచోట ముద్దుపేరుతో ఉంటే ఇవన్నీ ఒకే మనిషివని యంత్రానికీ తెలియదు, మనుషులకూ తెలియదు. ఒకే పేరు, ఒకే స్పెల్లింగు, ఒకే ఫొటో, మీరు ఏం చేస్తారో చెప్పే ఒకే వాక్యం పెట్టుకోండి. ప్రతి ప్రొఫైల్ నుంచి సైటుకు, సైటు నుంచి ప్రతి ప్రొఫైల్‌కు లింకు ఇవ్వండి. జనం నేరుగా వచ్చే షాపో ఆఫీసో ఉన్నవాళ్లు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ తప్పకుండా తీసుకోవాలి. 2021 దాకా దీన్నే గూగుల్ మై బిజినెస్ అనేవారు. అందులోని ఫోన్ నంబరు, పనివేళలు సైటులో ఉన్నవాటితో అక్షరం పొల్లుపోకుండా కలవాలి.

కనిపిస్తున్నాం, ఎవరూ నొక్కడం లేదు

సెర్చ్ కన్సోల్‌లో పర్ఫార్మెన్స్ రిపోర్టు తెరవండి. 16 నెలల వెనక్కి లెక్కలు దొరుకుతాయి. ఇంప్రెషన్లు (ఫలితాల్లో కనబడిన సార్లు) వేలల్లో, క్లిక్కులు పదుల్లో ఉంటే కంగారుపడి టైటిళ్లు మార్చకండి. ముందు పక్కనున్న సగటు స్థానం చూడండి. అది 40 అయితే మీరు ఎక్కడో నాలుగో పేజీ దగ్గర ఉన్నట్టు లెక్క. అంతదూరం ఎవరు వస్తారు? అక్కడ పెంచుకోవాల్సింది పేజీలోని విషయాన్నే. స్థానం 5, 6 దగ్గర ఉండి కూడా క్లిక్కులు రాకపోతే అప్పుడు టైటిల్‌ను అనుమానించాలి.

నేను చాలా సైట్లలో చూసిన టైటిల్ "హోమ్" లేదా "స్వాగతం". గిటార్ నేర్పే మనిషి పేజీకి ఆ మాట ఎందుకు? "పెద్దవాళ్లకు గిటార్ పాఠాలు: మొదటి తీగ నుంచి మొదటి పాట దాకా" అని పెడితే, వెతుకుతున్నవాళ్లకు ఇది తమకోసమేనని ఆ ఒక్క వరుసలోనే తెలుస్తుంది. గూగుల్ ఒక్కోసారి మన టైటిల్‌ను పక్కనపెట్టి తనకు తోచింది చూపిస్తుంది. పేజీలోని పెద్ద శీర్షిక కూడా అదే విషయం చెబుతుంటే అలా జరిగే అవకాశం తగ్గుతుంది.

వస్తున్నారు, వెంటనే వెళ్లిపోతున్నారు

ఎక్కువసార్లు కారణం బరువైన ఫొటోలే. ఫోన్‌తో తీసిన 5 ఎంబీ ఫొటోను తీసినట్టే ఎక్కిస్తే, సిగ్నల్ సరిగా లేనిచోట అది తెరుచుకునేలోపు మనిషి వెళ్లిపోతాడు. పేజీ వేగాన్ని కొలిచే గూగుల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో అడ్రసు పెట్టి చూడండి. తెర మీద ప్రధానమైన భాగం 2.5 సెకన్లలోపు కనబడాలన్నది గూగుల్ పెట్టుకున్న కొలత. ఫొటో వెడల్పును 1600 పిక్సెళ్లకు తగ్గించి వెబ్‌పీ అనే తేలికైన ఫొటో రూపంలో దాచితే చాలావరకు తేలికపడుతుంది. ఇంకో మాట: ధరలు, వేళలు, వివరాలు బొమ్మలో రాసి పెట్టకండి. చూపు లేనివాళ్ల స్క్రీన్ రీడర్ దాన్ని చదవలేదు, సెర్చ్‌కూ అది సరిగా అందదు. అడ్రసు పక్కన "నాట్ సెక్యూర్" అని వస్తుంటే మీ సైటును తమ సర్వర్లలో ఉంచే హోస్టింగ్ వాళ్లను, అడ్రసును సురక్షితం చేసే ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ అడగండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ద్వారా అది ఉచితంగానే దొరుకుతుంది.

రీచ్ (మన పోస్టులు చేరే జనం) ఉన్నట్టుండి పడిపోయింది

ఇన్‌స్టాగ్రామ్ 2016లోనే పోస్టులను వేళ ప్రకారం చూపించే పద్ధతిని వదిలేసింది. కాబట్టి హెచ్చుతగ్గులు మామూలే, ఒక వారం చూసి టెన్షన్ పడకండి. నెలరోజులైనా అలాగే ఉంటే సెట్టింగ్స్‌లో అకౌంట్ స్టేటస్ చూడండి. మీ అకౌంటును కొత్తవాళ్లకు సిఫారసు చేయడం ఆపేస్తే అక్కడ తెలుస్తుంది, ఏ పోస్టు వల్లో కూడా కనబడుతుంది. అక్కడ ఏ తప్పూ లేకపోతే రీలును రీలుతో, ఫొటోను ఫొటోతో పోల్చండి. లైకుల కన్నా ఎంతమంది దాచుకున్నారు, ఎంతమంది ఇంకొకరికి పంపారు అన్నది ఎక్కువ చెబుతుంది.

ఫాలోయర్లను మాత్రం దయచేసి కొనకండి. ఆ అకౌంట్లు దేనికీ స్పందించవు. పదివేలమందిలో పదిమందే పలికే అకౌంటును చూసి, నిజంగా పని ఇవ్వాలనుకున్నవాళ్లు కూడా వెనక్కి తగ్గుతారు.

లింకు పంచితే బొమ్మ రాకపోవడం, పాత బొమ్మే రావడం చిన్న ఇబ్బందే. లింకుతో ఏ బొమ్మ, ఏ శీర్షిక చూపాలో చెప్పే ఓపెన్ గ్రాఫ్ ట్యాగులను పేజీలో పెట్టి, ఫేస్‌బుక్ షేరింగ్ డీబగ్గర్‌లో ఆ అడ్రసును మళ్లీ చదివించండి. లింక్డ్‌ఇన్‌కైతే పోస్ట్ ఇన్‌స్పెక్టర్ ఉంది.

పంపిన ఈమెయిళ్లు స్పామ్‌లోకి పోతున్నాయి

డొమైన్‌కు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు రికార్డులు ఉన్నాయో లేదో చూడండి. ఈ ఉత్తరం నిజంగా మీరే పంపారని అవతలివాళ్లకు రుజువు చేసేవి అవే. 2024 ఫిబ్రవరి నుంచి, జీమెయిల్ అడ్రసులకు రోజుకు 5,000కు పైగా ఈమెయిళ్లు పంపేవాళ్లకు ఈ మూడూ తప్పనిసరి. తక్కువ పంపేవాళ్లూ పెట్టుకోవడమే మంచిది. అడగనివాళ్లకు పంపకపోవడం అన్నిటికన్నా ముఖ్యం.

ఒక్కరోజులో అంతా పోయింది

అన్నిటికన్నా బాధ పెట్టేది ఇదే. గూగుల్ నడిపిన సోషల్ వేదిక గూగుల్ ప్లస్ మామూలు వాడకందార్లకు 2019 ఏప్రిల్‌లో మూతపడింది. అక్కడే ఇల్లు కట్టుకున్నవాళ్లు పరిచయాలన్నీ పోగొట్టుకున్నారు. వేదిక మూతపడనక్కర్లేదు, పాస్‌వర్డ్ దొంగ చేతిలో పడినా అంతే. కాబట్టి రెండంచెల లాగిన్ పెట్టుకుని, బ్యాకప్ కోడ్లను కాగితం మీద రాసి దాచండి. పేజీకి నమ్మకమైన రెండో అడ్మిన్‌ను పెట్టండి. మీ పని నచ్చినవాళ్ల ఈమెయిల్ అడ్రసులను వాళ్ల అనుమతితో సేకరించి మీ దగ్గర పెట్టుకోండి.

డొమైన్ ఎవరి పేరున ఉందో కూడా చూసుకోవాలి. నా స్నేహితురాలి సైటును కట్టిచ్చినతను డొమైన్‌ను తన పేరునే, తన ఈమెయిల్‌తోనే రిజిస్టర్ చేశాడు. రెండేళ్ల తర్వాత గడువు ముగిసింది, హెచ్చరికలన్నీ అతని ఇన్‌బాక్సుకు వెళ్లాయి, ఆమెకు ఒక్కటీ అందలేదు. ఆ పేరు ఇంకెవరో కొనేశారు. కార్డుల మీద, బోర్డు మీద అచ్చు వేయించిన అడ్రసు ఇప్పుడు వేరేవాళ్ల పేజీకి వెళ్తోంది. మీ డొమైన్ కొన్నచోట మీరే లాగిన్ అవ్వగలరా, అక్కడ ఉన్నది మీ ఈమెయిలేనా, ఆటో రెన్యూవల్ ఆన్‌లో ఉందా, దానికి ఇచ్చిన కార్డు గడువు తీరలేదు కదా? ఈ నాలుగూ చూడటానికి పది నిమిషాలు పడుతుంది. పైన చెప్పినవాటిలో దేనికన్నా ముందు ఇది చూడండి.