బడిలో పాట నేర్పాలంటే: లోవెల్ మేసన్ చూపిన దారి

నర్సంపేట దగ్గర సర్కారు బడిలో టీచర్ని. పిల్లలకు పాట నేర్పాలంటే టెన్షన్ పడే కొత్త టీచర్లకు నేను మొదట సంగీతం నేర్పిన లోవెల్ మేసన్ గురించే చెప్తాను. 1792లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో పుట్టాడు, అదే దేశంలోని సవానా నగరంలో బ్యాంకు ఉద్యోగం చేశాడు. పాట ఏ పిల్లకైనా వస్తుందని నమ్మి, బోస్టన్‌లో ఒక బడిలో జీతం తీసుకోకుండా నేర్పి చూపించాడు. 1838లో అక్కడి సర్కారు బడుల్లో సంగీతం ఒక సబ్జెక్టు అయింది. ఎంత పట్టుదల!

ఆయన పద్ధతిలో ముందు ధ్వని, తర్వాతే గుర్తు. కాబట్టి బోర్డు మీద స్వరాలతో మొదలుపెట్టకండి. పిల్లలకు వచ్చిన బతుకమ్మ పాటే తీసుకోండి. ముందు చప్పట్లు మాత్రమే; లయ కుదిరేదాకా రాగం జోలికి పోవద్దు. తర్వాత ఒక్క వరుస మీరు పాడండి, వాళ్లు విని అందుకోవాలి. "ఉయ్యాలో" దగ్గర గొంతు పైకి పోయిందా, కిందికి దిగిందా అని అడగండి. జవాబు వాళ్ల నోటి నుంచే రావాలి, మీరు తొందరపడి చెప్పేయకండి. అది వచ్చాకే స, రి, గ రాయండి.

శ్రుతి తప్పే పిల్లను అందరి ముందు నిలబెట్టకండి. బాగా పాడే పిల్ల పక్కన కూర్చోబెడితే శ్రుతిని చెవి దానంతట అదే పట్టుకుంటుంది. హార్మోనియం లేకున్నా నడుస్తుంది.