సైక్లింగ్ స్టూడియో తెరవడానికి ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

హనుమకొండలో ఇండోర్ సైక్లింగ్ స్టూడియోకు (కదలని వ్యాయామ సైకిళ్లను అందరూ కలిసి తొక్కే చోటుకు) గది వెతుకుతున్నవారు అడ్వాన్సు ఇవ్వకముందే ఆ వీధి వానాకాలంలో ఎలా ఉంటుందో విచారించాలి. 2020 ఆగస్టులోనూ 2023 జులైలోనూ నగరంలోని లోతట్టు కాలనీలు నీట మునిగాయి కనుక, నయీంనగర్ నాలా పరిసరాల్లో అద్దె ఎంత తక్కువైనా సెల్లారు వద్దు.

పై అంతస్తయితే, ఒక్కొక్కటి 50 కిలోలకు అటూ ఇటూగా ఉండే సైకిళ్ల బరువునూ, తొక్కేవారి బరువునూ, అందరూ ఒకే లయలో లేచి తొక్కినప్పుడు పుట్టే అదురునూ స్లాబు తట్టుకుంటుందో లేదో స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించాలి. ఇంటి యజమాని భరోసా చాలదు.

నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు శబ్ద పరిమితి 45 డెసిబెల్సే. మన ఎండలకు తెల్లవారుజాము బ్యాచ్‌నే ఎక్కువమంది కోరుకుంటారు కాబట్టి, సైకిళ్ల కింద మందపాటి రబ్బరు మ్యాట్లు పరచి, స్పీకర్లను పక్కింటి గోడకు దూరంగా బిగించాలి.

ఏసీ గదిని చల్లబరుస్తుందే తప్ప లోపలి గాలిని మార్చదు గనుక ఎగ్జాస్ట్ ఫ్యాన్లు తప్పనిసరి. కరెంటు లోడు, నగరపాలక సంస్థ ట్రేడ్ లైసెన్సు పనులు ముందే ముగించుకోవాలి.

ఇలాంటి స్టూడియోల్లో వాడే చాలా స్పిన్ సైకిళ్లలో కాళ్లు ఆపినా బరువైన చక్రం పెడళ్లను తిప్పుతూనే ఉంటుంది కాబట్టి, ప్రతి సైకిల్‌నూ స్వయంగా తొక్కి, దాని అత్యవసర బ్రేకును పరీక్షించిన తరువాతే సభ్యులను ఎక్కించాలి.