లక్నవరంలో జారిన లంగరు

కాకతీయులు కట్టించిన లక్నవరం చెరువులో, అనుమతి తీసుకుని, మిత్రునితో కలిసి చిన్న తెరచాప పడవపై దీవి నుండి దీవికి తిరిగిన రోజున నన్ను కలవరపెట్టినది లంగరు. మధ్యాహ్నం గాలి పెరగడంతో ఒక దీవి చాటున, సుమారు 4 మీటర్ల లోతులో లంగరు వేశాము. పావుగంటలోనే పడవ ఎదుటి దీవి రాళ్ల వైపు జరగసాగింది.

లంగరు బరువు చాలలేదని మొదట అనుకున్నాను, కాని పైకి తీసి చూస్తే దాని కొమ్ములకు బురద కూడా సరిగా అంటలేదు. మేము వదిలిన మోకు 10 మీటర్లే. మోకు పొట్టిదైతే లాగుడు పైకి పడి లంగరు పెకలి వస్తుంది. పొడవుగా ఉంటే లాగుడు అడుగు వెంబడి సాగి, కొమ్ములు ఒండ్రులోకి దిగుతాయి. నీటి లోతుకు పడవ ముందు భాగం ఎత్తును కూడా కలిపి, దానికి 7 రెట్లు వదలడం నావికులు పాటించే లెక్క.

గాలి మారితే పడవ లంగరు చుట్టూ ఆ మోకు పొడవుకు తగ్గ పెద్ద వలయంలో తిరుగుతుంది కనుక, ముందుగా నీళ్లలో నిలిచిన మోళ్లకు, జాలరుల వలలకు దూరంగా చోటు మార్చుకున్నాము. ఆపై లంగరుకు 3 మీటర్ల ఇనుప గొలుసు తగిలించి, మొత్తం 32 మీటర్లు వదిలి, తెరచాప దించి, పడవను గాలికి మెల్లగా వెనక్కి పోనిచ్చాము. ఒడ్డున ఒకే వరుసలో కనిపించే రెండు మద్దిచెట్లను గుర్తు పెట్టుకున్నాము. సాయంత్రం వరకు ఆ వరుస చెదరలేదు, అంటే లంగరు జారలేదు.