సీడార్ మెసా లోయల్లో శరదృతు క్యాంపింగ్: పర్మిట్ దరఖాస్తు విధానం

అమెరికాలోని యూటా రాష్ట్రపు ఆగ్నేయ మూలన ఉన్న సీడార్ మెసా పీఠభూమిని వాగులు లోతుగా కోసిన చోట్ల ఇసుకరాతి లోయలు ఏర్పడ్డాయి. పదమూడో శతాబ్దం ముగిసేనాటికి పూర్వ ప్యూబ్లో ప్రజలనే స్థానిక ఆదివాసులు విడిచి వెళ్లిన రాతి ఇళ్లు, ధాన్యపు గదులు, కివాలనే ఆరాధనా గదులు ఆ లోయల చరియల కింద నేటికీ నిలిచి ఉన్నాయి. 2016లో ప్రకటించిన బేర్స్ ఇయర్స్ జాతీయ స్మారక ప్రాంతంలో ఇది ఒక భాగం కాగా, ఈ లోయల నిర్వహణ బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అనే ఫెడరల్ సంస్థ చేతిలో ఉంది. పగటిపూట నడకకు వెళ్లినా, రాత్రి బస చేసినా ఆ సంస్థ పర్మిట్ తప్పనిసరి. దరఖాస్తు చిన్నదే. అయితే అందులో అడిగే ప్రవేశ స్థలం, తేదీ, మనుషుల సంఖ్య అనే వివరాలన్నీ దారిని, నీటిని, వాహనాన్ని బట్టి తేలవలసినవి కనుక, ముందు ప్రయాణాన్ని కాగితం మీద ఖరారు చేసుకొని ఆ తరువాతే వెబ్‌సైట్ తెరవడం మేలు.

ఏ పర్మిట్ కావాలి

ఉదయం దిగి సాయంత్రానికి పైకి వచ్చేవారికి పగటి పర్మిట్ సరిపోతుంది. దీనికి మనిషికి రోజుకు 5 డాలర్లు, వారానికైతే 10 డాలర్లు. లోయలో రాత్రి గడపాలంటే మనిషికి ఒక్కో యాత్రకు 15 డాలర్ల రుసుముతో రాత్రి బస పర్మిట్ తీసుకోవాలి. మూడో రకం మూన్ హౌస్ అనే కట్టడాల సముదాయానికి మాత్రమే వర్తిస్తుంది. అక్కడికి రోజుకు మొత్తం 20 మందినే అనుమతిస్తారు, రాత్రి బస పర్మిట్ ఉన్నంత మాత్రాన లోపలికి వెళ్లనివ్వరు. రుసుములను ఎప్పటికప్పుడు సవరిస్తుంటారు కనుక చెల్లించే ముందు ఒకసారి సరిచూసుకోవాలి. లోయలోకి దిగకుండా పీఠభూమి పైన, ఇదివరకే వాడుకలో ఉన్న స్థలాల్లో వాహనం పక్కన గుడారం వేసుకునేవారికి బస కోసం ఏ పర్మిట్టూ అక్కర్లేదు.

దరఖాస్తుకు ముందు తేల్చుకోవలసినవి

సెప్టెంబరు 1 నుంచి అక్టోబరు 31 వరకు ఇక్కడ శరదృతు రద్దీ కాలం. సెప్టెంబరులో వేసవి వానల చివరి జల్లులు ఆకస్మిక వరదలు తేగలవు. అక్టోబరు చివరికి పగలు కురచబడి, దాదాపు 6,400 అడుగుల ఎత్తున ఉన్న ఈ పీఠభూమిపై రాత్రులు గడ్డకట్టే చలికి చేరతాయి. ఈ రెండింటి నడుమ, అంటే సెప్టెంబరు చివరి వారం నుంచి అక్టోబరు మధ్య వరకు తేదీలు ఎంచుకోవడం తెలివైన పని. నీటి విషయంలో మాత్రం శరత్తు కఠినమైనది. వేసవి దాటిన తరువాత అనేక ఊటలు ఎండిపోయి ఉండవచ్చు కాబట్టి, మ్యాపులో నీటి గుర్తు ఉన్నంత మాత్రాన అక్కడ నీరు దొరుకుతుందని అనుకోరాదు.

ప్రవేశ స్థలాన్ని ఎంచుకోవడానికి ఒక ఉదాహరణ చూద్దాం. సీడార్ మెసాలోని ప్రధాన లోయ గ్రాండ్ గల్చ్‌లోకి కేన్ గల్చ్ అనే ఉపలోయ వద్ద దిగి, బుల్లెట్ కాన్యన్ అనే మరో ఉపలోయ మీదుగా పైకి వచ్చే దారి సుమారు 23 మైళ్లు. మూడు నాలుగు రోజుల ఈ నడకలో జంక్షన్, టర్కీ పెన్, స్ప్లిట్ లెవెల్ శిథిలాలు, ఆపై బుల్లెట్ కాన్యన్‌లో పర్ఫెక్ట్ కివా, జైల్‌హౌస్ కనిపిస్తాయి. దిగిన చోటు ఒకటి, ఎక్కే చోటు మరొకటి కావడం వల్ల చివరన రెండో వాహనం ఉంచుకోవాలి, లేదా రోడ్డు వెంట ఏడెనిమిది మైళ్లు తిరిగి రావడానికి వేరే ఏర్పాటు చూసుకోవాలి. ఎడారి లోయలకు కొత్తవారైన వారికి ఇంత దూరపు దారి తగదు. మ్యూల్ కాన్యన్ దక్షిణ పాయలో సుమారు ఒక మైలు నడకలోనే వచ్చే హౌస్ ఆన్ ఫైర్ అనే శిథిలాన్ని పగటి పర్మిట్‌తో చూసి రావచ్చు. మూన్ హౌస్ దారికి ఎత్తైన ఫోర్ వీల్ డ్రైవ్ వాహనం కావాలి, పైగా లోయలో నిటారు రాతి అంచులు దిగి ఎక్కాలి. అవి సాధ్యమయ్యే వారే దానికి దరఖాస్తు చేయడం సముచితం, ఎందుకంటే వృథాగా పోయే ప్రతి స్థానమూ ఆ ఇరవైలో ఒకటి.

దరఖాస్తు చేయడం

రాత్రి బసకు, మూన్ హౌస్‌కు రిజర్వేషన్లు రిక్రియేషన్ డాట్ గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ప్రయాణ తేదీకి 90 రోజుల ముందు నుంచి తెరుచుకుంటాయి. అక్టోబరు 10న దిగాలనుకునేవారు జూలై 12న సిద్ధంగా ఉండాలి. ఖాతా తెరిచి, సీడార్ మెసా పర్మిట్‌ను ఎంచుకొని, తేదీ, ప్రవేశ స్థలం, మనుషుల సంఖ్య, బృంద నాయకుని వివరాలు నింపి, కార్డుతో రుసుము చెల్లించాలి. బృందంలో 12 మందికి మించి ఉండరాదు. పగటి పర్మిట్‌ను నడకదారి మొదలయ్యే చోట పెట్టిన చెల్లింపు పెట్టె దగ్గర కూడా తీసుకోవచ్చు; మూన్ హౌస్‌కు ఆ వెసులుబాటు లేదు.

రద్దీ కాలంలో కేన్ గల్చ్ రేంజర్ స్టేషన్ ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 12 వరకే తెరిచి ఉంటుంది. 95వ నంబరు రోడ్డు కూడలికి దక్షిణంగా నాలుగు మైళ్ల దూరంలో, 261వ నంబరు రోడ్డు పక్కన ఉన్న ఈ స్టేషన్‌కు మధ్యాహ్నం దాటాక చేరితే ఆ రోజు దాదాపు చేజారినట్టే. మూడు నాలుగు రోజుల నడక మొత్తం నీటిపైనే ఆధారపడి ఉంటుంది కనుక, ఏ ఊటలో నీరుందో రేంజర్లను అడిగే ఈ అవకాశాన్ని ఎవరూ వదులుకోరాదు. తాగునీటిని, ఇంధనాన్ని బ్లాండింగ్ పట్టణంలోనే నింపుకొని రావాలి.

పర్మిట్‌తో వచ్చే షరతులు

లోయల్లో మంటలు వేయరాదు, శిథిలాల్లో బస చేయరాదు, వాటిని చేరడానికి తాళ్లు వాడరాదు. గ్రాండ్ గల్చ్‌లోకి, దాని ఉపలోయల్లోకి, మూన్ హౌస్‌కు కుక్కలను తీసుకెళ్లనివ్వరు. వాడిన టాయిలెట్ కాగితాన్ని సంచిలో తిరిగి తెచ్చుకోవాలి. నేలపై కనిపించే కుండపెంకును చూసి అక్కడే వదిలేయాలి. పురావస్తు వనరుల రక్షణకు 1979లో చేసిన చట్టం ప్రకారం వాటిని తీసుకుపోవడం, పాడుచేయడం నేరం; మొదటి నేరానికే 10,000 డాలర్ల వరకు జరిమానా, ఏడాది వరకు జైలు విధించవచ్చు. నష్టం విలువ 500 డాలర్లు దాటితే ఈ శిక్షలు రెట్టింపవుతాయి.

కోరిన తేదీకి రాత్రి బస దొరకకపోతే, రద్దయిన రిజర్వేషన్ల కోసం వెబ్‌సైట్‌ను మళ్లీ మళ్లీ చూడవచ్చు. లేదా పీఠభూమి పైన గుడారం వేసుకొని రోజుకొక లోయలోకి పగటి పర్మిట్‌తో దిగి రావచ్చు. బరువైన సంచి భుజాన లేకుండా శిథిలాల దగ్గర నింపాదిగా గడపాలనుకునేవారికి ఈ రెండో పద్ధతే ఎక్కువ అనుకూలం.