ఎపిసోడ్ పెట్టేముందు ఒకసారి సిటీ బస్సెక్కండి

బరంపురంలో తెలుగులో ఆటల కబుర్ల షో ఇంటర్నెట్‌లో మొదలుపెట్టేవాళ్ళకి ఒక మాట. రికార్డింగు ఇంట్లో విని సరే అనుకోకండి. ఫోన్లో వేసుకుని, గోపాల్‌పూర్ బస్సెక్కి వినండి. వినేవాళ్ళు చాలామంది ఉండేది అక్కడే.

మా మొదటి ఎపిసోడ్ మన ఊరి వెయిట్‌లిఫ్టర్ కె. రవికుమార్ మీద. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో ఆయనకి స్వర్ణం వచ్చిన కథ, ఎంత ఇష్టంగా చెప్పామో! ఇంట్లో బ్రహ్మాండంగా వినిపించింది. బస్సులో డ్రైవరు గేరు మార్చగానే నా గొంతు మునిగిపోయింది, నాతో షో చేసే మావాడు నవ్వితే చెవి అదిరింది.

మైకు నోటికి జానెడు దూరంలో ఉంచండి. ఇద్దరికీ వేరువేరు ట్రాకులు తీయండి. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితమే, అందులో ఒక్కో గొంతుకీ కంప్రెసర్ (గొంతులో హెచ్చుతగ్గుల్ని తగ్గించే ఎఫెక్ట్) వేసి, కలిపాక మొత్తం శబ్దాన్ని మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (వినిపించే శబ్ద తీవ్రతకి కొలత) దగ్గరికి తెండి. ఇంకోటి, ఇదే అసలైనది: ఒకరి గొంతు ఎడమ చెవికీ ఇంకొకరిది కుడి చెవికీ పంపొద్దు, మోనోలోనే, అంటే రెండు చెవులకీ ఒకే శబ్దం వెళ్ళేలా పెట్టండి. కండక్టర్ పిలుపు వినబడాలని బస్సులో చాలామంది ఒక చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకుంటారు. వాళ్ళకి సగం సంభాషణే అందుతుంది.